రెల్లుబద్దల రణరంగం

మధ్యాహ్నమార్తాండుడు మేడలమీది నీళ్లట్యాంకులను కాచి కాచి విసిగి పడమటి గోడలవైపు ఒరుగుచుండగా, ఆరీ ఆరని బట్టలు జయపతాకలవలె రెపరెపలాడు ఇరుకు వరండా కవతల, మూడవ అంతస్తున, అవిచ్ఛిన్నకుళాయీబిందుపాతముఖరితమగు ఒకానొక వంటింట, బల్లపై మోచేతులాన్చి, నాలుక కొస పళ్ల సందున బిగించి, చాకు ధరించి కూర్చుండెను మన కథానాయకుడు, సంగీతకళాశాలావిద్యార్థి, ఓబోవాద్యధురంధరుడు, పట్టుదలకు పెట్టని కోట, బుద్ధికి వేసిన తాళము.

శ్రోతలారా, ఓబో యనగా నల్లని ఊదుడు వాద్యము. దాని నోట రీడ్ అను పుల్ల లేనిదే అది పొయ్యిలోకైనను పనికిరాదు. రెండు రెల్లుబద్దలను నానబెట్టి, సన్నని గొట్టమునకు దారముతో బిగించి, కొసను ఉల్లిపొరవలె పలుచన చేసినచో రీడ్ పుట్టును. ఇంతకాలము ఎవరో చేసిపెట్టిన రీడ్లతో ఊది, ఆ కీర్తియంతయు తనదేయని నమ్మిన ఈ మహానుభావుని నెత్తిన గురువుగారి శాసనము పిడుగై పడెను. కచేరీనాడు తన చేత్తో చేసుకొన్న రీడ్‌తో ఊదలేనిచో మొదటి కుర్చీ విడిచి రెండవ కుర్చీకి పోవలెను.

మొదటి కుర్చీ సామాన్యమైనది కాదు. కచేరీకి ముందు వాద్యబృందమంతయు నోరు మూసుకొని యుండగా ఓబో ఒక్కటే ఒక్క స్వరము నూదును. వయొలిన్లు మొదలు బాకాల వరకు సకలవాద్యములు దానికే శ్రుతి కలుపుకొనవలెను. ఇంట పిల్లి సైతము తన మాట విననట్టి మన నాయకునకు ఆ ఒక్క క్షణమే ప్రాణము. అది పోయినచో బ్రతుకే దండుగ యనుకొనెను. అంత పని లేదు గాని, పాపము, అనుకొనెను.

కొండను త్రవ్వి ఎలుకను పట్టినవారిని లోకమెరుగును. పుల్లను చెక్కి చెక్కి పొట్టు పట్టినవానిని ఆ వంటిల్లే మొదట చూచినది. అతని శత్రువు రెల్లు కాదు, చాకు కాదు, తన చేయియే. ప్రతి రీడూ బాగుపడు గడియలో ఆ చేయి ఊరకుండలేదు. ఓబోకు తగిలింపక విడిగా ఊదినప్పుడు రీడ్ కాకివలె అరవవలెను. ఆ విద్యలో అది శుభశకునము. ఒకటి అట్లే అరచెను.

“ఒరేయ్, ఆ కాకిని తోలరా. ఫోన్‌లో పిన్ని మాట ఒక్కటీ వినపడటం లేదు,” అనెను పొయ్యికడ తల్లి.

“కాకి కాదమ్మా, రీడ్. అలాగే అరవాలి.”

“అరిచిందిగా. ఇంక వదిలెయ్.”

“ఇంకొక్క గీత గీస్తే ఇంకా బాగా అరుస్తుంది.”

గీచెను. అది మరి అరవలేదు.

ఇట్లు వంశపారంపర్యముగా రీడ్లు హతములు కాగా, కచేరీనాటి ఉదయమునకు ఒక్కటి మిగిలెను. అదియు అరచెను. చేయి చాకుపైకి పోయెను. అంతట మన వీరుడు లేచి నిలిచి, ఇట్లు గర్జించెను: “ఓసీ ఖడ్గాధమా, మద్వేణుసంతానభక్షకీ, నీ దాహమింకెన్ని గొంతుకలతో తీరును!”

“ఎవరితో రా?” అనెను తల్లి.

“చాకుతో. ఇది నీ దగ్గర పెట్టుకో. నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు.”

“ఇవ్వనులే. బంగాళాదుంపల తొక్క దీంతోనే బాగా వస్తోంది.”

సాయంకాలము, వేదిక వెనుక, విరిగిన కుర్చీలు పేర్చిన సందులో, రెండవ కుర్చీ ఏలు సహాధ్యాయిని ఎదురయ్యెను. జడలో ఎప్పుడును పెన్సిల్ దోపుకొనును గనుక ఆమెను అందరును పెన్సిల్ అనియే పిలుతురు. తన రీడ్లు తానే చేసుకొనును, ఏ చాకునూ తిట్టదు. అతడు ఊదగా విని తల ఊపెను.

“శ్రుతి తక్కువుంది. కొస వెంట్రుకవాసి కోసెయ్, సరిపోతుంది. ఇదిగో నా చాకు.”

ఆమె చెప్పినది నిజము. అది అతడూ ఎరుగును. కోసినచో శ్రుతి కుదురును, లేదా రీడ్ పోయి కుర్చీయు పోవును. చేయి ముందుకు సాగెను. ఆ చేతిని రెండవ చేయి పట్టుకొనెను. ఇంతటి మల్లయుద్ధము ఒకే మనిషిలో జరుగుట చూచి పెన్సిల్ రెండడుగులు వెనుకకు వేసెను.

“వద్దు. నా చెయ్యి సంగతి నాకు తెలుసు.”

“మరి నీ పుల్ల కోసం అందరూ తక్కువలో వాయించాలా?”

“వాయిస్తారు,” అనెను ఆ నిస్సిగ్గుచక్రవర్తి.

వేదికపై నిశ్శబ్దము. అతడు ఊదెను. మొదటి వయొలిన్ వాద్యకారుడు మెడ త్రిప్పి, “ఇదేనా?” అని గొణిగెను.

“ఇదే.”

ఆచారమన్న ఆచారమే. తిట్టుకొనుచు వయొలిన్లు తీగలు సడలించెను. వేణువులు కీళ్లు లాగుకొనెను, బాకాలు గొట్టములు జరుపుకొనెను. ఒక్క మూర్ఖుడు చాకు ముట్టననగా, తప్పు తెలిసిన వారందరును తప్పులోనికి దిగిరి. సభలోనివారెవ్వరును గమనింపలేదు, వారు చప్పట్లు కొట్టవలసిన చోటికై ఎదురుచూచుచుండిరి.

కచేరీ ముగిసినపిదప గురువుగారు రీడ్‌ను దీపము కింద త్రిప్పి చూచిరి. “శ్రుతి తక్కువ. గీతలు వంకర. ఈ దారం నువ్వు కట్టావా, మీ ఇంట్లో పిల్లి కట్టిందా?”

మన వీరుడు తల వంచుకొనెను. కన్నులలో నీరు నిండెను, అది నిజమైన నీరే.

“కానీ చివరిదాకా బతికింది. కుర్చీ నీదే.”

ఆనందము పట్టలేక అతడనెను, “సర్, ఇప్పుడైతే భయం లేదు కదా. కొసన ఒక్కసారి అలా...”

“చేతులు జేబుల్లో పెట్టుకో.”

పెట్టుకొనెను. అష్టదిక్కులారా, సకలవాద్యములారా, వినుడు! గోరంత పుల్ల యింకను రెండు ముక్కలు కాలేదు. రెండు చేతులును రెండు జేబులలో ఉన్నవి. తలుపు దాటువరకు వాటిని బయటకు తీయలేదు. జయము! దిగ్విజయము!