దయచేసి నా కోసం ప్రార్థించకండి

మా ఐటీ పార్కులో మతసామరస్యం సంపూర్ణంగా నెలకొన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రస్తుతం అది చందానగర్‌కు మారింది గానీ, పుట్టింది మాత్రం మా ఫుడ్‌కోర్టులోనే, దోసెల కౌంటరు పక్కనున్న పొడుగు బల్ల దగ్గర.

స్థాపకుడు మా టెస్టింగు టీము ప్రవీణ్. ఆదివారం చర్చికి వెళితే పార్కింగు దొరకదు, దొరికితే పాస్టరుగారి ప్రసంగం తెమలదు. అందుకని శుక్రవారం లంచ్ వేళకు 'గోడలు లేని సహవాసం' పెట్టాడు. తొలిరోజే లేచి నిలబడి ఉపన్యసించాడు.

"దేవుణ్ణి గోడల మధ్య బంధించింది చాలు! ఇక్కడ పాస్టరు లేడు, చందా సంచీ లేదు, నీ మతమేమిటని అడిగేవాడు లేడు. ఈ బల్లే మన బలిపీఠం, ఈ దోసెల పొగే మన ధూపం!"

పాస్టరు లేని లోటు తెలియకుండా లంచ్ అయ్యేదాకా మాట్లాడాడు. విన్నది ఒక్కరే, మా హెచ్ఆర్ మేనేజరు సుష్మగారు. గుంటూరావిడ, పుట్టు క్రైస్తవురాలు, మహా మెత్తని మనిషి. ఉద్యోగుల్ని ఇంటికి పంపే పని ఆవిడది. ఆ పనికి అంత మెత్తదనం అక్కర్లేదు, కానీ ఇంటర్వ్యూలో అది ఎవరూ అడగరు కదా.

ఒక శుక్రవారం ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, పక్క బల్లల దగ్గరున్న మాకూ వినిపించేలా ప్రార్థించారు. "దయగల తండ్రీ, నీ బిడ్డ రమేష్‌ను నీ చేతికి అప్పగిస్తున్నాను. ఒక తలుపు మూసినా ఇంకో తలుపు తెరిచే దేవుడవు."

సోమవారం రమేష్ కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. మూసుకున్న తలుపు అదేనని అప్పుడు మాకు తట్టలేదు. మరుసటి శుక్రవారం హర్షిణికి ధైర్యాన్నీ ఓర్పునూ దయచేయమన్నారు. సోమవారం హర్షిణి కుర్చీ ఖాళీ. అప్పటికీ అర్థం కాకపోతే మేం ఇంజనీర్లం ఎందుకయినట్టు?

ఇక చూడండి నా సామిరంగా! ఆ బల్ల దగ్గర కుర్చీ దొరికితే ఒట్టు. శనివారాలు ఒంటిపూట ఉండేవారు, అయ్యప్ప మాలలో ఉన్నవారు, దేవుడే లేడని టీషర్టు మీద అచ్చువేయించుకున్నవారు, అందరూ వచ్చి కళ్లు మూసుకున్నారు. చెవులు మాత్రం బార్లా తెరిచి ఉంచారు. ఇంతియాజ్ జుమ్మా నమాజు ముగించుకుని హఫీజ్‌పేట్ నుంచి బైకు మీద ఎగురుకుంటూ వచ్చేవాడు. అతని సౌకర్యార్థం ప్రార్థనను వెనక్కి జరిపారు. పెద్ద పెద్ద సర్వమత సదస్సులు తేల్చలేని విషయం ఒక్క మెసేజుతో తేలిపోయింది.

పక్క టవరు వాళ్లు వచ్చి మమ్మల్ని చూసి అసూయపడేవారు. "అదృష్టవంతులండీ మీరు. మా హెచ్ఆర్‌కు దైవభక్తి లేదు, ఒక్క ముక్క బయటికి రాదు" అని వాపోయేవారు.

ప్రవీణ్ దీన్ని ఉజ్జీవం, అంటే భక్తి వెల్లువ అన్నాడు. యాజమాన్యం సమైక్యతా పురస్కారమే ఇచ్చింది. ఒకసారి సుష్మగారు "మధును జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నారు. మా ఫ్లోరులో మధులకేం కొదవ! ఆ సాయంత్రం ఏ మధూ పనిచేయలేదు. ఇకమీదట ఇంటిపేరూ ప్రాజెక్టు పేరూ చేర్చి ప్రార్థించవలసిందిగా ఆవిడకు సవినయంగా విన్నవించాం. "దేవుడికన్నీ తెలుసండీ" అన్నారావిడ అమాయకంగా. దేవుడికి తెలుసు, సరే. మా సంగతేమిటి?

అందరికన్నా పరేషాన్‌లో ఉన్నవాడు మా రాకేశ్. లింగంపల్లి కుర్రాడు, రోహిణిని ప్రేమించాడు. రోహిణి తండ్రి సుబ్బరాయుడు కడప నుంచి వచ్చి చందానగర్‌లో ప్లాట్లు అమ్ముకునే పెద్దమనిషి. కులం వేరైనా సర్దుకున్నాడు, యాస వేరైనా సర్దుకున్నాడు. ఉద్యోగం దగ్గర మాత్రం సర్దుకోనన్నాడు. అది ఉన్నదో లేదో కళ్లారా చూసి గానీ ముహూర్తం పెట్టనని ఒక శుక్రవారం విజిటరు కార్డు మెడలో వేసుకుని వచ్చేశాడు.

రాకేశ్ చేతులు జోడించి బల్ల ముందు కూర్చోవడం చూసి సుబ్బరాయుడు మురిసిపోయాడు. "పిల్లోనికి బక్తి ఉండాదే!" అన్నాడు.

సుష్మగారు లేచారు. అప్పటికే కళ్లనిండా నీళ్లు. "ఈవేళ మనలో ఒకరి కోసం ప్రార్థించాలండి" అని, ఎదురుగా ఉన్న పాపానికి రాకేశ్ వంక చూశారు.

రాకేశ్ కుర్చీ తన్నుకుని లేచాడు. "మేడం, మీకు దండం పెడ్త! నా పేరు తియ్యకుండ్రి! ఇంకెవలిదన్న చెప్పుండ్రి. గీ ఇంతియాజ్ లేడా, వానికి లగ్గం గూడ అయింది!"

"అరే, నేనేం జేసిన్రా?" అన్నాడు ఇంతియాజ్.

సుష్మగారు తెల్లబోయారు. "ప్రార్థన వద్దంటారేంటండీ?"

"మీరు ప్రార్థన జేసినోళ్లు సోమవారం ఇంటికి పోతున్నరు మేడం. అందరికి ఎర్కనే. గీ మందంత గందుకే వస్తున్నది."

ఆవిడ మా ముఖాలన్నీ ఒకసారి కలియజూశారు. మేం సాంబారు గిన్నెల్లోకి చూశాం.

"ఎవరికీ చెప్పొద్దన్నారండి" అన్నారు చివరికి. "మోయలేక దేవుడికి చెప్పుకున్నాను. మీరు కూడా వాళ్ల కోసమే వచ్చి కూర్చుంటున్నారనుకున్నా. ఈవేళ పేరు రాకేశ్ గారిది కాదండి, నాదే. సోమవారం నుంచి నన్నూ రావద్దన్నారు. నా కోసం మీలో ఎవరైనా ఒక్కరు ప్రార్థన చేస్తారేమోనని..."

"అమ్మయ్య!" అన్నాం అందరం.

అంత ఏకకంఠంగా ఆ బల్ల దగ్గర ఆమెన్ కూడా ఎప్పుడూ పలకలేదు. అయ్యప్ప మాలలో ఉన్న స్వామి ఒకాయన "హల్లెలూయా" అనేశాడు, మనస్ఫూర్తిగా. రాకేశ్ ఇంతియాజ్‌ను కావలించుకున్నాడు. సుబ్బరాయుడు "అయితే ఉద్యోగం ఉన్నట్టే గదా నాయనా?" అని ఖాయం చేసుకుని, అక్కడికక్కడే పురోహితుడికి ఫోను కొట్టాడు.

సుష్మగారు ఇంకా నిలబడే ఉన్నారు. ఆ క్షణంలో మాకందరికీ ఎవరి మతం వారికి గుర్తొచ్చింది. నేను రెండు మాటలు ప్రార్థిద్దామనే అనుకున్నాను, కానీ మనకు తెలియని పద్ధతి, ఏదైనా తప్పు దొర్లితే బాగుండదని ఊరుకున్నాను. ఇంతియాజ్ కూడా అలాగే గౌరవించాడు. ప్రవీణ్ అయితే, "ఇది ఎంతో లోతైన సందర్భం, దీని మీద వరుసగా ప్రసంగించాలి" అని చెప్పి, కాల్ ఉందని వెళ్లిపోయాడు. ఆవిడ టిఫిను డబ్బా మూత పెట్టుకుని, "వందనాలండి" అని, ఒక్కరే లిఫ్టు వైపు నడిచారు.

కొత్త హెచ్ఆర్ సీతారామయ్య గారు పరమ నిష్ఠాగరిష్ఠులు. మంగళవారం మంగళవారం చందానగర్ గుడిలో అర్చన చేయిస్తారు. కాబట్టి సహవాసం కూడా అక్కడికే మారింది. గుడికి గోడలున్న మాట నిజమే, కానీ గాలి బాగా ఆడుతుందని ప్రవీణ్ సమర్థించాడు. ఆయన ఎవరి గోత్రనామాలు చెబుతారో వినడానికి అందరం వెనకే నిలబడతాం. ఇంతవరకూ ఇంట్లోవాళ్ల పేర్లే చెప్పారు. కంపెనీ క్షేమమని భావిస్తున్నాం.

రాకేశ్ పెళ్లి వైభవంగా జరిగింది. సుష్మగారిని పిలవడం ఎవరికీ గుర్తులేదు. మేం విస్తళ్ల ముందు కూర్చుని బొబ్బట్ల కోసం ఎదురుచూస్తుండగా, మా సహవాసం పాత మెసేజుల గ్రూపులో ఆవిడ మెసేజు వచ్చింది.

"రాకేశ్ గారికి పెళ్లి శుభాకాంక్షలండి. నాకింకా ఉద్యోగం దొరకలేదు. అయినా మిమ్మల్ని మరవలేదు. మీ అందరి కోసం, ఇంటిపేర్లతో సహా, పేరుపేరునా రోజూ ప్రార్థిస్తున్నాను."

బొబ్బట్లు వచ్చేసరికి పంక్తిలో ఒక్కరూ లేరు. అందరూ ఫంక్షను హాలు బయట నిలబడి రెజ్యూమేలు పంపుకుంటున్నారు. ఆవిడకు జవాబిచ్చింది ఒక్క రాకేశే, అదీ పీటల మీద నుంచి.

"థాంక్యూ మేడం. జర చెప్పుండ్రి, ఏ సోమవారం?"