మామిడి బుట్టల లైట్లు, ఒక తెల్ల అంగీ

గొడవంతా పైకప్పు దగ్గర మొదలైంది. వంటింట్లో పోపు చిటపటలాడుతుండగా మా స్వరూప "ముందర గదికి ఫాల్స్ సీలింగ్ ఏపిద్దామా" అన్నది. ఆ చిటపటల్లో నాకు 'ఫాల్స్' ఒక్కటే వినబడింది. గద్వాలలో, ఇంట్లోనే చీరలు అమ్మే మనిషి ఆ మాటంటే నేను మాత్రం ఏమనుకోవాలి? బజారుకు పోయి అర డజను చీర ఫాల్స్ తెచ్చి చేతిలో పెట్టాను.

ఆమె వాటిని చూసింది, పైకప్పును చూసింది, చివరికి నన్ను చూసింది.

"కుచ్చిళ్లు గూడ నువ్వే పెడ్తవా సీలింగుకు?"

ఆ ముందు గదే ఆమె దుకాణం. ఎండ తగిలితే చీరలు వెలిసిపోతాయని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు నాలాగే, నాలుగుసార్లు చెబితే గాని వెలగదు. ఇంతలో మల్దకల్ తిమ్మమ్మ దగ్గర నుంచి పెద్ద బేరం వచ్చింది. కూతురి నిశ్చితార్థానికి ఎనిమిది చీరలు. పెళ్లికూతురి చీర నచ్చితే మిగతా ఏడూ మా దగ్గరే. స్వరూపకు ఇంత బేరం తగలడం ఇదే మొదటిసారి.

సీలింగు ఖర్చు విన్నాక ఆ మాట ఆమే వదిలేసింది. చెల్లెలింటికి వనపర్తి పోతూ, కొంత డబ్బు నాకిచ్చి చెప్పింది. "నాలుగు తెల్ల ట్యూబులు తేవాలె. గంతే. నీ తెలివి కలపకు."

నేను బడిలో ఇరవై ఏళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నవాణ్ణి. డ్రాయింగ్ రూము సంగతి డ్రాయింగ్ మాస్టారుకే చెప్పడమా? రంగుల విషయంలో జిల్లాలో ఎవరికి అనుమానం వచ్చినా నన్నే అడగాలని నా ఉద్దేశం. ఇప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు, అది వేరే సంగతి. అన్ని రంగులూ తెలుపులోనే ఉన్నాయి కనక నేను తెల్ల అంగీ తప్ప తొడగను. ఒక్క రంగు అంగీ తొడుక్కోమని స్వరూప పెళ్లైన నాటి నుంచి పోరుతూనే ఉంది.

జహంగీర్ లైట్ల దుకాణంలో వేలాడే దీపాలు వరసగా ఉన్నాయి. వాటి ధర చీట్లు చదివాక నా మొహం కూడా ఆ వరసలో కలిసిపోయింది.

"అమ్మ ఫోన్ జేసి తెల్ల ట్యూబులు చెప్పింది గద సార్" అన్నాడు జహంగీర్.

అమ్మది చీరల లైను, నాది కళల లైను అని చెప్పి, చవకలో నాలుగు పసుపు రంగు బల్బులు తీసుకున్నాను. వారంటీ ఉందా అని అడిగాను.

"బల్బులకున్నది సార్. మీ సంగతే నాకు తెల్వదు."

మా అటక మీద కొల్లాపూర్ మామిడిపండ్లు వచ్చిన వెదురు బుట్టలు నాలుగు ఖాళీగా పడి ఉన్నాయి. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా ఉంది. బుట్టలకు లోపలంతా ఎరుపు పూశాను, బోర్లించి పైకప్పుకు వేలాడదీశాను, లోపల బల్బులు బిగించాను. స్విచ్చి వేస్తే గదంతా కుంకుమ చల్లినట్టయింది. మిగిలిన డబ్బు కొత్త చేతి గడియారం కోసమని నా జేబులోకి చేరింది.

ఆ సాయంత్రమే తిమ్మమ్మ, ఆమె భర్త వెంకటన్న, పెళ్లికూతురు తేజస్విని వచ్చారు. పొలం పని ముగించుకుని బయల్దేరారేమో, అప్పటికే పొద్దు గూకింది. మా దగ్గర చీర ఎంత నచ్చినా సరే, గడప దాటించి ఎండలో విప్పి చూడందే బేరం ఖాయం కాదు. తిమ్మమ్మ అలవాటుగా చీర పట్టుకుని గడప దాకా పోయి, బయటి మసక చూసి ఆగిపోయింది.

"సూర్యుడు డ్యూటీ దిగిండు తల్లీ. గిప్పుడు ఆ డ్యూటీ నాది" అన్నాను.

తేజస్విని ఏరుకున్న చీరకు లేత తామర గులాబి అని పేరు కూడా నేనే పెట్టాను. బయానా ఇచ్చి సంతోషంగా పట్టుకుపోయారు.

మర్నాడు మొదటి బస్సుకే స్వరూప దిగింది. తలెత్తి బుట్టలను చాలాసేపు చూసింది.

"బాగ వెలగబెట్టినవ్" అన్నది. మెచ్చుకుందనుకున్నాను.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. తిమ్మమ్మ దిగుతూనే చీర విప్పి ఎండలో పరిచింది. మీగడంత తెల్లగా ఉంది.

"నిశ్చితార్థానికి పిల్లకు తెల్లచీర కడ్తరా స్వరూపమ్మా? నిన్న గులాబిది జూపి, తెల్లది మూట కట్టిండు సారు."

బయానా వాపసు ఇస్తే ఎనిమిది చీరలూ ఇంకోచోట చూసుకుంటామని వెంకటన్న అన్నాడు. ఆటోను పోనివ్వలేదు. తేజస్విని కళ్లలో నీళ్లు. స్వరూప మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. బనీను మీదే వాకిట్లోకి వచ్చి, ఇరవై ఏళ్ల నుంచి రంగులు చూస్తున్న కళ్లు నావనీ, ఇచ్చింది గులాబిదేననీ, దారిలో మీరే మార్చుకున్నారేమోననీ అన్నాను. వెంకటన్న ఆటో ఎక్కబోయాడు.

స్వరూప వనపర్తి నుంచి తెచ్చిన సంచితో ముందు గదిలోకి పోయి, బుట్టల లైట్లు వేసి, నిమిషంలో తిరిగొచ్చింది.

"జర ఆగు వెంకటన్నా. ఏమయ్యా, నలుగురి ముందట బనీను మీదేంది? ముందర గదిల గోడ మొలకు తెల్లంగి తగిలిచ్చిన. ఏస్కొని రాపో."

పోయి చూస్తే తెల్ల అంగీ, అదీ కొత్తది. ఇంత గొడవలోనూ నా మర్యాద గురించి ఆలోచించింది కదా అని మురిసిపోయాను. మెడ దాకా గుండీలు పెట్టుకుని, దర్జాగా గడప దాటాను.

ముందు ఆటో అతను నవ్వాడు. తర్వాత తేజస్విని, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నేను కిందికి చూసుకున్నాను. నా ఒంటి మీద రోజాపువ్వంత గులాబి.

"గిదేం రంగు సారూ?" అని అడిగింది నా భార్య.

"గులాబి."

"మరి లోపల?"

"తెలుపు" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

అప్పుడామె అందరికీ విడమరిచి చెప్పింది. బుట్టల్లో పూసిన ఎరుపు మూలంగా ఆ గదిలో తెలుపూ గులాబీ ఒక్కలాగే కనబడుతున్నాయనీ, ఎవరు ఏ రంగు పేరు చెబితే అదే అనిపిస్తుందనీ, సారు మోసం చేయలేదనీ, అంత తెలివి సారుకు లేదనీ. తిమ్మమ్మకు నమ్మకం కుదరక చీరను రెండుసార్లు గడప లోపలికీ బయటికీ తిప్పి చూసింది. లోపల గులాబి, బయట మీగడ. వెంకటన్న ఆటోను పంపించేశాడు.

తిమ్మమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి, నా చేతి గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"స్వరూపమ్మా, పిల్ల కోరింది సరిగ్గ ఈ సారు రంగే. గిట్లాంటిది ఉన్నదా?"

ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. ఏది సరిపోతుందో తేలేదాకా ఒక్కొక్క చీరనూ నా భుజాన వేసి చూశారు. ఎండ ఎక్కేసరికి ఎనిమిది చీరల బేరం ఖాయమైంది.

"ఇగ అంగీ విప్పాల్నా?" అని అడిగాను.

"ఉండనియ్యి, మంచిగున్నది. నీకే తెచ్చిన" అన్నది స్వరూప. "నీ పాతంగి జేబుల మిగిలిన పైసలు తీస్కొని జహంగీర్‌కు ఫోన్ జేసిన. తెల్ల ట్యూబులు పంపుతుండు."

బుట్టలు కట్టింది నేనే, వాటిలో పడిందీ నేనే. ఆ పొద్దు మా ఇంట్లో చీర అసలు రంగు చూపించిన దీపం కూడా, వాకిట్లో ఎండకు నిలబడి, నేనొక్కడినే.