అనుభూతి వాపసు

సినిమా చూసి ఏమనిపించిందో ఎవరికి వారు తేల్చుకోవడం అరాచకానికి తొలిమెట్టు. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ల సంఘం ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి సినిమా ఉపసంఘాన్ని నియమించింది. నెలనెలా క్లబ్‌హౌస్‌లో ఒక అమెరికన్ ఇండిపెండెంట్ సినిమా వేస్తారు. ఎంపిక పూర్తిగా శాస్త్రీయం. పోస్టరు మీద ఫెస్టివల్ బహుమతులకు గుర్తుగా వేసే ఆకుల బొమ్మలు ఎంత ఎక్కువుంటే సినిమా అంత గొప్పది. అమెరికా విమర్శకుల అభిప్రాయాలు ఉదయమే వాట్సాప్‌లో వస్తాయి, సాయంత్రానికల్లా సభ్యులకు సొంత అభిప్రాయాలు ఏర్పడేందుకు వీలుగా. (నిద్రపోయినవారిని ‘లీనమైనవారు’గా నమోదు చేస్తారు.)

ఓంకార్‌కి ఈ ఏర్పాటు హాయిగా ఉండేది. నీ లోపల ఏముందో చూసుకోమంటే, చీకటి గదిలో స్విచ్ కోసం గోడ తడుముకునే రకం అతను. భార్య గీతాంజలికి ఆ చీకటితోనే పేచీ. ఆ నెల సినిమాకి లిఫ్ట్‌లో దిగుతూ అంది:

"ఈసారైనా నీకేమనిపించిందో చెప్పు. వాట్సాప్‌లో వచ్చింది కాదు."

"ఏమీ అనిపించకపోతే?"

"అదే చెప్పు. నీతో ఉంటున్నానో, నీ పక్క ఫ్లాట్‌లో ఉంటున్నానో తెలియట్లేదు నాకు."

సినిమాలో ఒక మధ్యవయసు జంట, ఒక వంటగది, బయట మంచు. నటులెవరో ఎవరికీ తెలియదు (అది నాణ్యతకు గుర్తు). సగంలో భర్త ఏదో అడిగాడు. భార్య జవాబు చెప్పబోయి, నోరు కొంచెం తెరిచి, ఆగింది. అలా ఆగే ఉంది. హాల్లో ఎవరూ కదల్లేదు. ‘ఆమె నిగ్రహం అపూర్వం’ అని పొద్దున్నే చదివి ఉన్నారు మరి. ఓంకార్ ఆ ముఖాన్నే చూశాడు. చూడగా చూడగా అది గీతాంజలి ముఖమైపోయింది. లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా తను "ఊఁ, చెప్పు" అన్నప్పుడల్లా ఆమె నోరు సరిగ్గా అక్కడే ఆగిపోయేది. అతని కళ్ళు తడిశాయి. ఎప్పటికో బొమ్మ కదిలింది.

సినిమా అయ్యాక చర్చ. ఒక్కొక్కరే నిగ్రహాన్ని పొగిడారు. ఉపసంఘం అధ్యక్షుడు వెంకటరాయప్ప ఇటు తిరిగాడు. "ఏమప్పా ఓంకారూ, అందరూ చెప్పినారు. నువ్వొక్కడివే మిగిలుండావు."

"ఆమె అట్లా ఆగిపోయినప్పుడు మా ఇల్లు కనిపించింది సార్," అన్నాడు ఓంకార్. "నేను వినకపోవడం కనిపించింది."

గీతాంజలి చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది.

ప్రొజెక్టర్ బాధ్యత చూసే మూడో అంతస్తు జెస్సీ అప్పుడే లేచింది. "సారీ అంకుల్. అది నటన కాదు. నెట్ ఆగిపోయి బొమ్మ నిలిచిపోయింది. చెబుదామనుకున్నా. మీరంతా అంత సీరియస్‌గా చూస్తుంటే ధైర్యం చాల్లేదు."

వెంకటరాయప్ప కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నెట్ లేనప్పుడు కలిగిన అనుభూతి చెల్లదప్పా. రూలు ఉండాది. పొగిడినోళ్ళు వాపసు తీసుకోండి."

వరసగా తీసుకున్నారు. బాలాత్రిపురసుందరి గారు సగం ఉంచుకోవచ్చా అని అడిగారు. (సగాలు కుదరవన్నారు.)

ఇక అందరూ ఓంకార్ వైపు చూశారు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. నెట్ ఆగినా తనకు కనిపించింది ఇల్లేనని అతనికి తెలుసు. అతని చేతిలో గీతాంజలి చెయ్యి కొంచెం బిగిసింది.

"నేనూ ఊరికే, చర్చ కోసం అన్నాను సార్," అన్నాడు.

గీతాంజలి తన చేతిని వాపసు తీసుకుంది. ఆ పూట వచ్చిన వాపసులన్నిటినీ ఉపసంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.