నల్ల ట్యాగు మనిషి

ఆ రోజు స్టోర్‌కీపర్‌గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆఫీసులో చచ్చిపోవాలి, భోజనాల వేళకి బయటపడాలి, మధ్యాహ్నం కూతురి బడిలో నాటకం చూడాలి.

ఆయన పనిచేసేది విపత్తుల నివారణ కార్యాలయంలో. తాళ్ళు, టార్చిలైట్లు, లైఫ్ జాకెట్లు ఆయన చేతికింద ఉంటాయి. ఆ రోజు భూకంపం డ్రిల్. సిబ్బందిలో కొందరు దెబ్బలు తగిలినట్టు మెడలో ట్యాగు వేసుకుని పడుకోవాలి. ఎర్రదంటే ప్రాణాపాయం, ఆకుపచ్చదంటే చిన్న దెబ్బ, నల్లదంటే ఇక అంతే. పోయినవాడికి వైద్యం ఉండదు కనుక తొందరగా వదిలేస్తారనుకుని ఆయన నల్లది అడిగి మరీ పుచ్చుకున్నారు.

"ఈసారైనా వస్తావా నాన్నా?" అని బయలుదేరేటప్పుడు కూతురు అడిగింది. కిందటిసారి వరదొచ్చింది, అంతకుముందు తుఫానొచ్చింది. రెండుసార్లూ నాన్న ఆఫీసులోనే ఉండిపోయాడు. పిల్ల ఈ ఏడు చెట్టు వేషం నుంచి రాణి వేషానికి ఎదిగింది.

"ఈసారీ ఎగ్గొట్టారంటే మీతో అది మాట్లాడదు, నేనూ మాట్లాడను" అంది భార్య.

సైరన్ మోగింది. స్టోర్‌కీపర్‌గారు కింది గదిలో, విరిగిన బల్ల పక్కన బుద్ధిగా చచ్చిపోయారు. రక్షక దళం వచ్చి ఎర్ర ట్యాగులవాళ్ళని ఆస్పత్రికని అంబులెన్సుల్లోకి మోసుకుపోయింది, ఆకుపచ్చవాళ్ళని నడిపించుకుపోయింది. ఈయన్ని దాటుకుంటూ పోతున్నారే తప్ప ఎవరూ కన్నెత్తి చూడలేదు.

"బాబూ, నన్నెప్పుడు తీస్తారు?" అని ఆయన దళంలో ఒకతన్ని గొంతు తగ్గించి అడిగారు.

"పోయినవాళ్ళు ఆఖరండీ. సాయంత్రం అవుతుంది. మీరు మాట్లాడకూడదు."

సాయంత్రమంటే నాటకం అయిపోతుంది. అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త వస్తువు కంటపడితే దాని సంగతి తేల్చుకోనిదే ఆయనకి నిద్రపట్టదు. ఎదురుగా ఒకతను స్ట్రెచర్‌కి ఏదో కొత్తరకం ముడితో తాడు కడుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నారు. ఆపైన తల ఎత్తి, "ఆ ముడి జారదా? ఏదీ, ఇంకోసారి వెయ్యి" అన్నారు.

మెడలో ఈల వేలాడేసుకుని అటే వస్తున్న డైరెక్టరుగారు ఆగిపోయారు. ఆయనకి నిబంధనలంటే ప్రాణం. "రూల్ ప్రకారం మాట్లాడేవాడు శవం కాదు. ఎర్రది వెయ్యండి" అన్నారు.

స్టోర్‌కీపర్‌గారి పంట పండింది. ఆస్పత్రి గేటు దగ్గర దిగి ఆటో ఎక్కితే సరి. కానీ అంబులెన్సులో నర్సమ్మ పక్కన ఒక మెషిన్ కనబడింది.

"ఇదేమిటమ్మా? ఎలా పనిచేస్తుంది?"

ఆవిడ సంబరంగా ఆయన చేతికే చుట్టి చూపించింది. చూపిస్తూ చూపిస్తూ మొహం మార్చింది. "ఇది డ్రిల్ బీపీ కాదండీ. నిజం బీపీ."

ఆస్పత్రిలో డాక్టరు మంచం దిగనివ్వలేదు.

"మా అమ్మాయి రాణీ, డాక్టరుగారూ. నేను వెళ్ళకపోతే మొహం చిన్నబుచ్చుకుంటుంది" అని ఆయన బతిమాలారు.

"పలవరిస్తున్నాడు. ఇంటివాళ్ళని పిలవండి" అన్నాడు డాక్టరు.

సాయంత్రం అవుతుండగా భార్య పరుగున వచ్చింది. వెనకే కాగితం కిరీటంతో కూతురు. ఆ కిరీటం చూడగానే ఆయనకి ఏడుపు ఆగలేదు. "మళ్ళీ రాలేకపోయాను తల్లీ."

"నాటకమే అవలేదు నాన్నా. డ్రిల్‌లో రెండో విడతకని మధ్యాహ్నం మీ ఆఫీసువాళ్ళు మళ్ళీ సైరన్ వేశారట. అది విని మా టీచర్లు భూకంపం అనుకుని అందర్నీ మైదానంలోకి తోలేశారు. నాటకం రేపు పొద్దున."

స్టోర్‌కీపర్‌గారు పిల్లని గట్టిగా పొదువుకున్నారు. ఈసారి నర్సమ్మ చూస్తే బీపీ చక్కగా దిగింది. ఇక వెళ్ళచ్చన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. డైరెక్టరుగారు. శవం మాట్లాడినందుకు పైవాళ్ళు డ్రిల్ చెల్లదన్నారట. రేపు పొద్దున మళ్ళీ చేయాలట, అందరూ రావాలట.

ఆ మాటలే భార్యకి చెప్పి ఆయన తల పట్టుకున్నారు. భార్య ఫోను లాక్కుంది. "ఏవండీ, మీ డ్రిల్‌లో ఇవాళ మావారు పోయారా లేదా?"

"పోయారమ్మా. మొదట నల్ల ట్యాగే వేశాం."

"మరి ఇవాళ పోయిన మనిషి రేపు డ్యూటీకి ఎలా వస్తాడండీ?"

డైరెక్టరుగారు రూల్ పుస్తకం తిరగేసి, పోయినవాడు డ్యూటీకి రావాలన్న నిబంధన లేదని ఒప్పుకున్నారు.