గోడకు సున్నం పడితే రచయిత ఏం చేయాలి?

మీరు రాసుకునే గోడకు ఎవరైనా సున్నం కొట్టారా? ఏడవకండి. ఆ సున్నం బకెట్టుకు ఓ దండ వేయండి! రచయితను పాఠకుల దగ్గరికి తోసే శక్తి దానికే ఉంది.

నమ్మకం లేకపోతే మర్రిగూడ దారిలోని ఓ ఊళ్లో మెహరాజ్‌ను చూడండి. టెన్త్ చదివే ఈ పిల్లకు నలుగురిలో నోరు పెగలదు. కానీ పంచాయతీ గోదాము గోడను బొగ్గుపొడితో నల్లగా అలికి, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ఊరి వార్తలు రాస్తుంది. రాత్రిబడిలో కొత్తగా అక్షరాలు నేర్చిన ఆడవాళ్లు కూడబలుక్కుని చదువుతారు. ఏ పత్రికకున్నారు ఇంత శ్రద్ధగల రీడర్లు?

మొన్న ఆమె ఒక్క వాక్యమే రాసింది: "మంచినీళ్ల ట్యాంకర్ సర్పంచ్ తోటకు ఎందుకు పోతోంది?"

అక్కడి ఫ్లోరైడ్ బోరునీళ్లు ఎముకలను వంచుతాయి. రాత్రిబడికి వచ్చే సత్తమ్మ చిన్నబిడ్డ కాళ్లు అప్పుడే వంకర తిరుగుతున్నాయి. మంచినీళ్లు తాగించడం తప్ప మందు లేదన్నారు దవాఖానలో.

తెల్లారేసరికి గోడ తెల్లబడింది! మీద ఎర్రరంగుతో "ఈ గోడ ఎలక్షన్లకు రిజర్వు" అని, కింద "ఇంటింటికీ మంచినీరు, మా హామీ!" అని. ఎంత మర్యాదస్తులు! ప్రశ్న చెరిపిన చోటే జవాబు రాశారు.

మెహరాజ్ సుద్దముక్కను పిడికిట్లో దాచుకుని వెనక్కి మళ్లింది. ఇక రాయొద్దనుకుంది. సత్తమ్మ ఎదురొచ్చింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల రాయలే?"

"గోడ లేదత్తా."

"గోడ పోతే పోనీ. నా బిందె లేదా? దాని మీద రాయి."

ట్యాంకర్ ఆగే చోట ఖాళీ బిందెలను వరుసగా పెట్టి వంతు కాయడం ఆ ఊరి రివాజు. మనుషులు కూలికి పోతారు, బిందెలు నిలబడతాయి. మెహరాజ్ బిందెకో మాట చొప్పున అదే ప్రశ్న మళ్లీ రాసింది. సాయంత్రం ఎవరి బిందె వాళ్లు చంకన పెట్టుకుని పోతే, పత్రిక ఇంటింటికీ చేరినట్టే! గోడకు ఈ సర్క్యులేషన్ ఎక్కడిది?

ఎడిటర్ కూడా దొరికింది. గుర్వమ్మ వరుస తప్పించి, 'ఎందుకు' అని రాసిన తన బిందెను అందరికంటే ముందుకు జరిపింది.

"ఓ గుర్వక్కా, నీ 'ఎందుకు'ను ఎనుకకు పెట్టు! చదువ రాకుంటయితాంది," అంది వెనక బిందె ఆమె.

"నీళ్లొస్తే ముందు నాకే గావాలె. 'ఎందుకు' ముందే ఉండనీ!"

మూడోనాడు సర్పంచ్ ఓట్లడగడానికి జీపు దిగాడు. వరుసంతా చదివాడు. కాలితో తన్నేద్దామని చూశాడు గానీ, ఓట్లన్నీ ఆ బిందెల వెనకే నిలబడి ఉన్నాయి.

"ఎవలు రాసిన్రు గిది?"

మెహరాజ్ ఒక అడుగు ముందుకు వేయబోయింది.

"నా బిందె మీద నేనే రాసుకున్న," అంది సత్తమ్మ. "రాత్రిబడి పెట్టించింది మీరే గదా సర్పంచ్ సాబ్!"

"నా దాని మీద నేను!" అంది గుర్వమ్మ. ఆ తర్వాత ఊరంతా రచయితలే!

సర్పంచ్ నవ్వాడు. నవ్వక తప్పుతుందా? "రేపే ట్యాంకర్ తోలిస్త. జర గా రాతలు తుడువున్రి," అన్నాడు.

సుద్దరాత కదా, నీళ్లు పడితే చెరిగిపోదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఫికర్ అక్కర్లేదు! ఎలక్షన్లయ్యాయి, ఆయనే గెలిచాడు. బిందెల మీద ఇంతవరకు ఒక్క అక్షరమూ తడవలేదు.