నిడుగల్లు స్టాండున హొన్నూరప్ప పెన్‌డ్రైవు విజయము

శరదృతువున, విజయదశమి వెళ్లిన మరునాడు, భానుబింబము నిడుగల్లు కోటగోడల మీదుగా తొంగిచూచి, దిగువనున్న శెనక్కాయ చేలను బంగారు చేయుచు, దూరమున రాయచెర్లు భూములయందు పరచియున్న సౌరఫలకసముద్రమును ఒక్కపెట్టున వెలిగించిన వేళ, నిడుగల్లు బస్సుస్టాండు చెంత జరిగిన మహాసమరమును చెప్పుచున్నాను. వినుటకు తీరికలేనివారు పనికి పోవచ్చును.

ఆ రణభూమిన శ్వేతరథారూఢుడై నిలిచినవాడు హొన్నూరప్ప. గొర్రెలు కాచిన వంశమున పుట్టి, గొర్రెలనమ్మి, ఏడుగురు పట్టు పాత కారు కొని, అందు పట్టనివారిని కూడ పట్టించగల సారథి. ఆయన రథమునకు హారను కలదు, బ్రేకు కలదు, వెనుక తలుపు కట్టుటకు త్రాడు కలదు. గానము మాత్రము లేదు. పూర్వము పాడుచుండిన పెన్‌డ్రైవు వానకాలమున చొక్కాజేబులోనుండియే ఉతుకుబండ చేరి వీరస్వర్గమలంకరించెను.

ఆ రథమునెక్కువారు సౌరఫలకప్రక్షాళనధురంధరలైన నిడుగల్లు స్త్రీలు. ప్రతిదినమును రాయచెర్లు పోయి, ప్లేట్లని తాము పిలుచు ఆ ఫలకములను కడిగి వచ్చెదరు. వారి నాయకురాలు ఓబమ్మ దసరాకు ముందే తీర్పు చెప్పియుండెను. పాటలేని కారు శవాల బండితో సమానమనియు, పండుగ వెళ్లిన నాటికి పాట మోగనిచో అందరమును ఈరప్ప కారెక్కెదమనియు ఆ తీర్పు సారాంశము. అదే స్టాండున పోటీగా తోలు ఈరప్ప కారున పాటయే కాదు, నీలిదీపములు కూడ వెలుగును. ఈ స్త్రీలు దిగిపోయినచో హొన్నూరప్పకు మోయుటకు వేరెవ్వరును లేరు. తిరిగి తోలుకొనుటకు గొర్రెలును లేవు.

కావున ఆయన పావగడకు పోయి, మొబైలంగడిలో గోరంత పెన్‌డ్రైవు కొని, నిండ పాటలు ఎక్కించుకొని వచ్చెను. ఆయుధపూజనాడు భార్య కాటమ్మ కారునకు బంతిమాల కట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొడవలికి అంచున, గడ్డపారకు మొనన బొట్టు పెట్టుచు వచ్చి, ఈ క్రొత్త ఆయుధమును చేతబట్టి దీనికి నోరెక్కడని యడిగెను. పనిచేయు తావుననే బొట్టు పెట్టుట వారి ఆచారము. లోపలికి పోవునది ఇదియేనని హొన్నూరప్ప ఇనుపకొనను చూపెను. ఆ సాధ్వీమణి నీళ్లతో కలిపిన పసుపును, దానిపై కుంకుమను, ఆ నోట నిండుగా పెట్టెను.

ఇట్లు పూజితమైన దివ్యాస్త్రమును, స్త్రీలు అన్నపు క్యారియర్లతో వలయముగా నిలిచి చూచుచుండగా, హొన్నూరప్ప స్టీరియో రంధ్రమున సంధించెను. దూరలేదు. త్రిప్పి సంధించెను. దూరలేదు. మరల మొదటి విధముననే సంధించెను, దూరెను. ఏల దూరెనో దేవతలకును తెలియదు. అంత స్టీరియో ఫాలఫలకమున నీలాక్షరములు మెరిసెను: నో యూఎస్‌బీ.

ఒకతె చదివి అర్థము చెప్పగా తక్కినవారు నవ్విరి. హొన్నూరప్ప నవ్వలేదు. అస్త్రమును పెరికి, ఉఫ్ఫని ఊది, తొడపై రాచి, మరల గ్రుచ్చెను. ఇంజను ఆపి మరల రగిల్చెను. డ్యాష్‌బోర్డును అరచేత చరచెను. శత్రువు చలింపలేదు. నో యూఎస్‌బీ.

అంతలో ప్రళయజీమూతగర్జనమువంటి డప్పులమోతతో ఈరప్ప కారు వచ్చి ప్రక్కన నిలిచెను. ఈరప్ప అద్దము దించెను.

"ఏమప్పా హొన్నూరప్పా, అది పాడకుంటే నువ్వే పాడరాదా? గొర్రెల్ని పిలిచిన గొంతే కదా."

హొన్నూరప్ప రథము దిగి, బానెటుపై చేయివేసి, గంభీరుడై పలికెను.

"ఈ గొంతుకు నిడుగల్లు గుట్టంతా మేసే గొర్రెలు తిరిగొచ్చేవి, ఈరప్పా. నీ పాటకు ఒక మేకపిల్లన్నా తల తిప్పిందా? ఈ పొద్దు నా కారు పాడకపోతే, రేపట్నుంచి నేను ఈ స్టాండుకు రాను. ఇంతే."

మాట మహోన్నతమే గాని, అప్పటికే ఇరువురు స్త్రీలు ఈరప్ప కారువైపు అడుగువేసియుండిరి. ఓబమ్మ మాత్రము పెన్‌డ్రైవును చేతికి తీసుకొని, ప్లేటుపై మరకను చూచు చూపుతో దాని నోటిలోనికి చూచెను.

"ఏందప్పా ఎర్రగా ఉండాది?"

"బొట్టు."

"నోట్లోనా?"

"పనిచేసేది ఆడే కదక్కా."

ప్లేటుమీద మట్టి పడితేనే కరెంటు రాదని, దీనికి నోరంతా మెత్తిపెట్టితిరని ఓబమ్మ విసుగుకొని, నడుమున దోపిన తుడుపుగుడ్డను పెరికెను. సరిగా అప్పుడే, మగడు మరచివచ్చిన క్యారియరును తెచ్చిన కాటమ్మ ఆమె చేయి పట్టుకొనెను.

"తుడవద్దక్కా. పండగ బొట్టు. బండిది తుడిస్తే నడిపే మనిషికి మంచిదా? పాట పోతే పోనీ. నాకు మనిషి ఉండల్ల."

ఈరప్ప తన పాట తగ్గించెను. హొన్నూరప్ప ఒకసారి ఈరప్ప కారువైపు పోవు స్త్రీలను చూచెను, ఒకసారి భార్యను చూచెను, పిదప నేలను చూచెను. గుడ్డకును బొట్టునకును నడుమ ఆయన బ్రతుకు వ్రేలాడుచుండెను.

ఓబమ్మ గుడ్డను భుజముపై వేసికొని, పెన్‌డ్రైవును కాటమ్మకు చాచెను.

"తుడిచేది వద్దులే కాటమ్మా. జరుపుదాం. ముందు దీని వీపుకు కొత్త బొట్టు పెట్టు. ఆ తర్వాత నోట్లోది తీస్తా. బొట్టు లేని గడియే ఉండదు కదా."

కాటమ్మ అటునిటు త్రిప్పి యోచించి, దోషము కానక, బానెటుపై నిలిచియున్న పండుగ కుంకుమను తడివ్రేలనద్ది పెన్‌డ్రైవు వీపున పెట్టెను. అది నిలిచినదని చూచుకొనిన పిమ్మటనే ఓబమ్మ తన చీర పిన్నీసును ఖడ్గమువలె దూసి, ఆ ఇనుపనోటిలోని పసుపును గీకి, గుడ్డకొనతో తుడిచి, హొన్నూరప్ప చేత పెట్టెను.

సంధించెను. దూరలేదు. త్రిప్పెను; దూరెను. నీలాక్షరములు మారి రీడింగ్ అని నిలిచెను. చాలసేపు అట్లే నిలిచెను. పిదప, ఏ పాటయో తెలియని పాట ఒకటి నడిమినుండి, దిక్కులదరునట్లు మ్రోగెను. అటు పోయిన ఇరువురును ఇటు తిరిగివచ్చి కిటికీ ప్రక్క చోటుకై పోరాడిరి. ఈరప్ప అద్దము ఎత్తుకొనెను.

రథము కదిలి ఊరు దాటకమునుపే వెనుకనుండి ఓబమ్మ పిలిచెను.

"హొన్నూరప్పా, సౌండు తగ్గించప్పా. మాట్లాడేది వినపడల్ల."

తగ్గించెను. ఇంకను తగ్గించమనిరి. ఇంకను తగ్గించెను.

నిడుగల్లు మొదలు రాయచెర్లు వరకు, సౌండు ఒకటి వద్ద, ఆ పాట మ్రోగుచునే యుండెను. వినినవారొక్కరును లేరు. జయము హొన్నూరప్పది.