ఎర్రబయలు ఫైరింజను చరిత్రలోకి వెళ్ళిన విధం

గతం లేనిదే భవిష్యత్తు లేదనీ, ఆ రెండింటినీ సక్రమంగా కలిపే పని పూర్తయ్యేంతవరకు వర్తమానాన్ని తాత్కాలికంగా నిలిపివేయడమైనదనీ ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ మాట నేను అనలేదు. అనేంత చదువు నాకు లేదు. అగ్నిమాపక స్మృతి పరిరక్షణ విభాగం వారు (అలాంటి విభాగం ఒకటుందని ఆ ఉత్తర్వు వచ్చేదాకా మా అగ్నిమాపక కేంద్రానికే తెలియదు) మా ఎర్రబయలుకు పంపిన ఉత్తర్వులో మొదటి వాక్యం అది. రెండో వాక్యం ఎవరికీ అర్థం కాలేదు. మూడో వాక్యంలో మా ఫైరింజను పోయింది.

ఎర్రబయలు ఎక్కడుందో తెలియనివారికి రెండు ముక్కలు. ఉరవకొండ వైపు నుంచి వచ్చినా, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చినా, చెట్లు తగ్గి గొర్రెలు ఎక్కువైతే మా ఊరు దగ్గర పడినట్టు. వాన మాకు వార్తల్లో కనిపిస్తుంది. అయినా పట్టు వదలకుండా ప్రతి ఏడూ వేరుశనగ వేస్తాం. కాయ రాకపోయినా కట్టె (ఎండిన వేరుశనగ తీగ) వస్తుంది. ఆ కట్టెను ఇంటి పక్కన వామి వేసుకుని ఎండాకాలమంతా గొర్రెలకు మేపుకుంటాం. కాబట్టి మా ఊళ్ళో ప్రతి ఇంటి పక్కనా ఒక అగ్నిప్రమాదం కరకరలాడుతూ సిద్ధంగా ఉంటుంది. అందుకే కాబోలు, ఏనాడో ఎవరో పుణ్యాత్ములు మాకు ఒక అగ్నిమాపక కేంద్రమూ, దానికొక బండీ ఇచ్చారు.

ప్రతి కేంద్రమూ తన బండ్లలో అన్నిటికన్నా పాతదాన్ని గుర్తించి వారసత్వ సంపదగా ప్రకటించాలని ఉత్తర్వు. మా దగ్గర ఉన్నది ఒకటే బండి. ఒకటే ఉన్నప్పుడు అన్నిటికన్నా పాతది అదే అవుతుంది. (అన్నిటికన్నా కొత్తది కూడా అదేనని స్టేషన్ అధికారి వినయంగా రాసి పంపారు. కొత్త బండ్ల సంగతి వేరే విభాగం చూస్తుందని జవాబు వచ్చింది.) పాత మంటల నుంచి పాఠాలు నేర్చుకున్నాక, ఆ పాఠాలకు తగిన కొత్త బండిని మంజూరు చేస్తారట. పాఠాలు నేర్చుకోకుండా బండి ఇవ్వడం ప్రజాధనం దుర్వినియోగమట. నేను పన్ను కట్టేవాడిని, నాకు ఈ వాదన నచ్చింది.

పాఠాలు నేర్పించడానికి రాజధాని నుంచి ప్రత్యేకాధికారి శ్రీకాంత్ గారు వచ్చారు. తెల్ల చొక్కా, మెత్తని మాట, చేతిలో ట్యాబు. వచ్చిన రోజే బండి చుట్టూ ఎర్ర తాడు కట్టించి 'తాకరాదు' అని బోర్డు పెట్టించారు. తేమ తగిలితే చరిత్ర తుప్పు పడుతుంది కనుక ట్యాంకులో నీళ్ళు తీయించేశారు. బ్యాటరీని విప్పించి భద్రమైన చోటికి పంపారు. అది ఎంత భద్రమైన చోటంటే ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గొట్టాలు గాజుపెట్టెలోకి వెళ్ళాయి. నిచ్చెనను గోడకు బిగించారు, కాస్త ఎత్తులో. దాన్ని దించాలంటే ఇంకో నిచ్చెన కావాలి. ఎర్ర బకెట్లలోని ఇసుక పారబోసి క్రోటన్ మొక్కలు నాటారు. సైరన్ మోతను రికార్డు చేసి ఒక మీట వెనక పెట్టారు. సందర్శకులు నొక్కి వినవచ్చు. సందర్శన వేళలు పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు వరకు, సోమవారం సెలవు. (సోమవారం నాడు మంటలు ఎదుర్కొనేవారు మంగళవారం రావలసిందిగా ఎక్కడా రాయలేదు. అది మర్యాద.)

డ్రైవరు జాకబ్‌ను ఏం చేయాలన్నది కొంచెం సమస్య అయింది. బండి కదలనప్పుడు డ్రైవరు ఎందుకు? శ్రీకాంత్ గారు బాగా ఆలోచించి అతణ్ణి 'సజీవ వారసత్వం'గా ప్రకటించారు. మెడలో ఒక కార్డు వేసి, బండి పక్కన కుర్చీ వేశారు.

మొదట్లో జాకబ్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి మీసాలు దువ్వడం మొదలుపెట్టాడు. "ఏమప్పా, ఎట్లుండాది?" అని నేనడిగితే, "దూరం నుంచి మాట్లాడన్నా, నన్ను కూడా తాకగూడదంట" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియక నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఈ ప్రగతిని చూసి సంతోషించని మనిషి ఊళ్ళో ఒక్క పెద్దక్కే. ఆమె ఇల్లు కేంద్రం ప్రహరీగోడకు అవతల. గోడకు ఆనుకునే ఆమె కట్టె వామి. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి గొర్రెలు, గొర్రెలకు మిగిలింది ఆ వామి. వాన పడి పచ్చిక మొలిచేదాకా అదే వాటి కూడు. అది కాలిపోతే గొర్రెల్ని సంతకు తోలాలి, ఆ తర్వాత ఆమె కూలికి పోవాలి. అందుకే ఒకనాడు కొంగు నడుముకు దోపుకుని నేరుగా శ్రీకాంత్ గారి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏం సారూ, బండిని కట్టేసినారంటనే. ఎండలు సూస్తే ఇట్లుండాయి. నా వామికి నిప్పు పడితే ఎవురొస్తారు?"

"కంగారు పడకండమ్మా. గతంలో ఇలాంటి మంటల్ని ఎలా ఆర్పారో అధ్యయనం చేస్తున్నాం. భవిష్యత్తులో మీకు చాలా ఉపయోగపడుతుంది."

"గతంలో ఈ జాకబు బండేసుకోనొచ్చి ఆర్పినాడు సారూ. అయిపాయె గదా అధ్యయనం. బండి ఇడిసిపెట్టండి."

"అలా కాదమ్మా. చరిత్రను మనం..."

"చరిత్ర యాడుంటాదో నాకు తెల్దు సారూ. వామి మాత్రం ఈడే ఉండాది."

శ్రీకాంత్ గారు ఆ మాటను ట్యాబులో రాసుకున్నారు. 'స్థానిక సముదాయం స్థలస్పృహ కలిగి ఉంది' అని రాశారని తర్వాత తెలిసింది.

ఇక మౌఖిక చరిత్ర సేకరణ. బండి ఆర్పిన మంటల్ని గురించి ఊరి పెద్దలు చెబితే రికార్డు చేస్తారు. ఓబులమ్మ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు తగిలించి, "ఈ బండి గురించి మీ జ్ఞాపకం చెప్పండి" అన్నారు.

"నా మనవరాలి పెండ్లికి నీళ్ళు ఈ బండే తెచ్చినాది నాయనా," అంది అవ్వ.

"మంటల గురించి చెప్పండి."

"బోర్లన్నీ ఎండిపోయిన కరువులో ఈదీదికీ తిరిగి నీళ్ళు పోసినాది. ఆ నీళ్ళు తియ్యగుండె. యాడ పట్టుకొస్తాండెనో ఏమో."

ఆమె తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. జాతరకు నీళ్ళు తెచ్చిందని ఒకరు, మంత్రి గారి హెలికాప్టరు దిగే చోట దుమ్ము లేవకుండా తడిపిందని ఒకరు చెప్పారు. కరువు నాటి నుంచి మా ఊళ్ళో ఒక అలవాటు స్థిరపడిపోయింది. సైరన్ వినబడితే చాలు, బిందె తీసుకుని వీధిలోకి పరుగెత్తడం. బండి నిజంగా మంటకే పోతున్నా సరే, జనం ఆగరు. మంట ఆర్పగా మిగిలిన నీళ్ళను తిరుగుదారిలో జాకబ్ బిందెలకు పట్టేవాడు. (మంట చిన్నదైతే ఊరు సంతోషించేది. పెద్దదైతే, ఏ దరిద్రుడు అంత పెద్ద వామి వేసుకున్నాడని తిట్టుకునేది.)

ఇవన్నీ విని శ్రీకాంత్ గారికి ఒక రాత్రి నిద్ర పట్టలేదని విన్నాను. చారిత్రక ఆధారాలను బట్టి చూస్తే అగ్నిమాపక శాఖకు మంటలతో సంబంధం ఉన్నట్టు రుజువు కావడం లేదు.

అయినా పని ఆగలేదు. కేంద్రం ఆవరణలో గతానికి ఒక గది కట్టారు, భవిష్యత్తుకు ఒక గది కట్టారు. వర్తమానానికి అనుకున్న స్థలంలో ముఖ్య అతిథుల సౌకర్యార్థం మరుగుదొడ్డి కట్టారు. భవిష్యత్తు గదిలో గోడంత ఫ్లెక్సీ: ఒక మరమనిషి, ఏదో దేశంలో, ఆకాశాన్నంటే మేడ మీద మంటలార్పుతున్నాడు. కింద రోడ్డు మీద మంచు పడుతోంది. మా వాళ్ళు ఆ మంచు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పచ్చిక పెంచుదామని వాకిట్లో ఎర్రమన్ను కూడా తోలించారు. పచ్చికకు నీళ్ళు కావాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చి, మన్నును అలాగే కుప్పగా వదిలేశారు.

ప్రారంభోత్సవం అగ్నిమాపక వారోత్సవాల మొదటి రోజున పెట్టారు. షామియానా వేశారు, 'నిప్పుతో చెలగాటం వద్దు' అని బ్యానరు కట్టారు. ముఖ్య అతిథి ఆనవాయితీ ప్రకారం ఆలస్యంగా వచ్చి, మిట్టమధ్యాహ్నం కారు దిగారు. పెద్దమనిషి ఊళ్ళో కాలు పెట్టినప్పుడు టపాకాయలు పేల్చకపోతే మా ప్రాంతంలో అది అవమానం కింద లెక్క. కాబట్టి అభిమానులు బ్యానరు కిందనే బారెడు సరం పరిచి అంటించారు. ఆయన పటపటల మధ్య నడిచొచ్చి, రిబ్బను కత్తిరించి, చరిత్ర మీట నొక్కారు. సైరన్ మోగింది.

అదే సమయానికి ప్రహరీగోడ అవతల పొగ లేచింది.

జనం చప్పట్లు కొట్టారు. ప్రదర్శన ఏర్పాటు చేశారనుకున్నారు. ముఖ్య అతిథి కూడా మెచ్చుకోలుగా తల ఊపారు. శ్రీకాంత్ గారు మాత్రం ఆహ్వానపత్రిక తీసి, ఇది కార్యక్రమంలో ఉందా లేదా అని చూసుకున్నారు.

"నా వామి! అయ్యో, నా వామి!" గోడ అవతల నుంచి పెద్దక్క గొంతు. "ఒరే జాకబూ, బండి తీయప్పా!"

జాకబ్ మెడలో కార్డు తెంపి పారేశాడు. తాడు దూకి బండెక్కి కూర్చున్నాడు. తాళంచెవి గాజుపెట్టెలో ఉంది. గాజుపెట్టె తాళంచెవి శ్రీకాంత్ గారి దగ్గర ఉంది. శ్రీకాంత్ గారు ముఖ్య అతిథిని క్షేమంగా కారెక్కించే పనిలో ఉన్నారు. తాళంచెవి దొరికినా బ్యాటరీ లేదు, బ్యాటరీ దొరికినా నీళ్ళు లేవు. ఇవన్నీ జాకబ్‌కు తెలుసు. తెలిసే, స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇంతవరకు నవ్వుకుంటూ రాసుకొచ్చిన నాకు అక్కడ నవ్వు రాలేదు.

ఇంతలో ఊరు వచ్చింది. సైరన్ మోగింది కదా, వీధివీధి నుంచీ ఆడవాళ్ళూ మగవాళ్ళూ బిందెలతో వచ్చేశారు. అన్నీ ఖాళీ బిందెలే. మంట దగ్గరికి జనమంతా కలిసి ఖాళీ బిందెలతో పరుగెత్తుకొచ్చే ఊరు దేశంలో మాదొక్కటే అయి ఉంటుంది.

"నీళ్ళు యాడ?" అంది ముందున్న ఓబులమ్మ అవ్వ.

"నీళ్ళు యాడివి అవ్వా, మంటొచ్చింది!" అని అరిచాడు జాకబ్ బండి మీద నుంచి.

అవ్వ మంటను చూసింది. బిందెను చూసింది. వాకిట్లో పచ్చిక కోసం తోలిన ఎర్రమన్ను కుప్పను చూసింది. "థూ, మీ బండి పాడుగాను," అని బిందెతో మన్ను తోడింది. ఆ వెనక అందరూ తోడారు. గోడ దగ్గర వరస కట్టి, బిందెకు బిందె అందించుకుంటూ మంట మీద మన్ను కుమ్మరించారు. జాకబ్ గోడ దూకి, పంగలకర్ర తీసుకుని, అంటుకోని సగాన్ని అంటుకున్న సగం నుంచి లాగి విడదీశాడు. చేతులు బొబ్బలెక్కాయి. మన్ను అయిపోయేసరికి మంట అణిగింది. సగం వామి బూడిదైంది, సగం మిగిలింది. పెద్దక్క ఆ సగాన్ని ఒక చేత్తో పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. గొర్రెలు కూడా దగ్గరికి వచ్చి నిలబడ్డాయి, అవి మాత్రం తినడానికి.

శ్రీకాంత్ గారు ఈ దృశ్యాన్నంతా వీడియో తీశారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయని నేను సాక్ష్యం చెప్పగలను. ఇన్నాళ్ళకు ఆయనకు ఒక మంట దొరికింది.

మర్నాడు ఆయన పెద్దక్క వామి చుట్టూ ఎర్ర తాడు కట్టించి 'తాకరాదు' బోర్డు పెట్టించారు. ప్రజలు సొంతంగా ఆర్పుకున్న మంటకు అది సాక్ష్యమట. పెద్దక్క ఆ తాడు విప్పి తన పొట్టేలును కట్టేసుకుంది. ఓబులమ్మ అవ్వ బిందెను మ్యూజియంకు ఇమ్మని అడిగితే, "బిందె నీకిస్తే నీళ్ళు నీ నెత్తిన పట్టుకోవల్లనా?" అని తలుపేసుకుంది. జాకబ్‌కు కార్డు తెంపినందుకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు, వారసత్వ సంపదకు నష్టం కలిగించాడని. బొబ్బలెక్కిన చేతులకు కట్లు కట్టించుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని, సంజాయిషీ నాచేత రాయించాడు.

శ్రీకాంత్ గారి నివేదిక పోయిన వారం ఆమోదం పొందింది. ఎర్రబయలు ప్రజలు బండి అవసరం లేకుండా, ఒక్క చుక్క నీరు వృథా చేయకుండా మంటలార్పే విధానాన్ని కలిగి ఉన్నారనీ, కరువు ప్రాంతాలన్నింటికీ ఇదే ఆదర్శమనీ అందులో తేల్చారు. అందువల్ల కొత్త బండి మంజూరు అవసరం లేదని నిర్ణయించడమైనది. శ్రీకాంత్ గారికి పదోన్నతి వచ్చింది. వెళ్ళే ముందు పెద్దక్కకు చెప్పిపోదామని ఆయన గోడ అవతలికి వచ్చారు.

"మళ్ళా నిప్పు పడితే ఏం చేయల్ల సారూ?" అందామె.

"మొన్న చేసినట్టే చేయండమ్మా. చాలా బాగా చేశారు."

ఆ సాయంత్రమే పెద్దక్క గంపెత్తుకుని చేను గట్టు నుంచి ఎర్రమన్ను మోసుకొచ్చి, మిగిలిన సగం వామి పక్కన కుప్ప పోయడం మొదలుపెట్టింది. జాకబ్ కట్టు కట్టిన చేతులతోనే సాయం పట్టాడు. ఇప్పుడా కుప్ప నడుమెత్తు అయింది. ఎర్రబయలుకు ప్రస్తుతం ఉన్న అగ్నిమాపక కేంద్రం అదే. సోమవారం కూడా తెరిచి ఉంటుంది.